మగ్గం బాకీ, పట్టా బాకీ

ఫ్యాషన్, వస్త్ర రూపకల్పన డిగ్రీలో చేరాలనుకునే పిల్లలున్న ఇళ్లలో ప్రవేశాల కాలం వచ్చేసరికి ఒక లెక్క మొదలవుతుంది. హైదరాబాద్ మాదాపూర్‌లో ఉన్న జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ (నిఫ్ట్)లో, అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థలోనే, నాలుగేళ్ల ఫీజు పది లక్షల రూపాయలు దాటుతుంది. హాస్టలు, గుడ్డలు, దారాలు, ప్రాజెక్టుల కోసం తిరిగే తిరుగుడు వేరే. పది లక్షలు బ్యాంకులో అప్పు తెచ్చి, పది శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలనుకుంటే నెలకు 13,200 రూపాయల పైన వాయిదా పడుతుంది. అదీ చదివినన్నాళ్లు వడ్డీ ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వస్తేనే. ఏటా రెండున్నర లక్షల చొప్పున తీసుకుని, చదువు ముగిసిన ఏడాది దాకా పైసా కట్టకపోతే, బారువడ్డీ కింద చూసినా మూడున్నర లక్షలు అసలులో కలుస్తాయి, వాయిదా 17,800 దాటుతుంది. మొదటి జీతం పాతిక వేలయితే అందులో మూడింట రెండు వంతులకు పైగా బ్యాంకుకే. యాభై వేలయినా మూడో వంతు పైచిలుకు. అందుకే గిట్టుబాటవుతుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిందే. అయితే ఆ ప్రశ్న వెనక, నేర్చుకునేవాళ్లే నేర్చుకునే ఖర్చంతా భరించాలన్న ఒక ఊహ ఉంది. బట్టల వృత్తిలో ఆ ఊహ వయసు పాతికేళ్లే. అప్పు మాత్రం ఈ వృత్తికి కొత్త కాదు, నాలుగు వందల ఏళ్లుగా కాగితాల మీదే కనబడుతోంది. కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది ఆ అప్పు ఎవరి పేరున ఉంది, దేని పూచీ మీద ఇచ్చారు, పని దొరక్కపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే. డిగ్రీ విలువను తూచేటప్పుడు అప్పు మొత్తం కన్నా ముందు చూడాల్సింది దీన్నేనని నా వాదన.

డచ్చివాళ్లు 1606 నాటికే బందరు చేరారు, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. వాళ్లకు కావలసింది గోదావరి, కృష్ణా తీరాల్లో నేసే నూలు బట్ట. ఆ బట్ట సంతలో పేర్చి పెట్టి దొరికేది కాదు, ముందుగా డబ్బిచ్చి నేయించుకోవాలి. విదేశీ కంపెనీ స్థానిక వర్తకుడికి, వర్తకుడు నేతగాడికి బయానా ఇచ్చేవారు. ఆ డబ్బుతో నేతగాడు నూలు కొనేవాడు, బట్ట మగ్గం దిగేదాకా ఇల్లు గడుపుకునేవాడు. చూడ్డానికి ఇది అప్పే. కానీ చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి 2001లో వెలువరించిన గ్రంథంలో, 18వ శతాబ్దపు దక్షిణాది నేత ఒప్పందాల గురించి ఒక ఆసక్తికరమైన సంగతి చూపించాడు. బయానా తిరిగిచ్చేసి ఒప్పందం రద్దు చేసుకునే హక్కు నేతగాడికి ఉండేది. ఇచ్చిన బయానా వెనక్కి అడిగి ఒప్పందం తెంచుకునే హక్కు వర్తకుడికి ఉండేది కాదు. బట్టకు గిరాకీ పెరిగితే నేతగాడు పాత వర్తకుడి డబ్బు అతనికిచ్చేసి మెరుగైన ధర పలికేవాడి దగ్గరికి పోవచ్చు. గిరాకీ పడిపోతే వర్తకుడు మాత్రం ఇచ్చిన డబ్బు పట్టుకుని ఎక్కడికీ పోలేడు. డచ్చి, ఇంగ్లీషు, యానాంలో ఫ్రెంచి, ఇంకా దేశీ కొనుగోలుదార్లు పోటీ పడుతున్న రోజుల్లో ఈ కట్టుబాటు నిలబడింది. నేతగాళ్లు సుఖంగా బతికారని పార్థసారథి తేల్చినంత ధీమాగా నేను చెప్పను. ఆ కాలపు కూలి రేట్ల మీద చరిత్రకారుల మధ్య వాదులాట ఉంది, బియ్యం ధర పెరిగిన ఏడాది నేతపేటలు ఎలా ఉండేవో ఊహించడం కష్టం కాదు. నాకు ఇక్కడ కావలసింది ఒక్కటే. ఆ అప్పు ఇచ్చినవాడికి బట్ట అవసరం ఉంది. పని ఉంది కాబట్టే అప్పు పుట్టింది, పని చెడితే నష్టంలో అప్పిచ్చినవాడికీ వాటా ఉంది.

ఈ ఏర్పాటును చెడగొట్టింది వడ్డీ కాదు, అధికారం. 1765లో మొఘలు ఫర్మానా, మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందం, ఈ రెంటితో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. అప్పటిదాకా కొనుగోలుదారైన కంపెనీయే ప్రభువు కూడా అయింది. ఇంజరం, మాధవాయపాలెం లాంటి కేంద్రాల చుట్టూ మధ్య వర్తకులను క్రమంగా పక్కకు నెట్టి, తన గుమాస్తాల చేత నేరుగా బయానాలు పంచింది. కంపెనీ బాకీ ఉన్నవాడు ఇంకొకరికి నేయకూడదంది, మగ్గాల దగ్గర బంట్రోతులను కాపలా పెట్టింది. తిరిగిచ్చేసి పోయే దారి మూసేశాక అదే బయానా సంకెల అయింది. పి. స్వర్ణలత 2005లో ప్రచురించిన ఉత్తర కోరమాండల్ నేతగాళ్ల చరిత్రలో ఆ తర్వాతి కథంతా ఉంది. అర్జీలు పెట్టారు, మగ్గాలు ఆపేశారు, ఊళ్లు విడిచారు. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వ్యాపారమే మూతపడింది కానీ, బాకీ తీరేదాకా ఒక్క సావుకారుకే నేయాలన్న కట్టడి మాస్టర్ వీవర్ల రూపంలో కొనసాగింది. అడ్వాన్సు తీసుకున్న కుటుంబం మజూరీ తక్కువైనా మరో గుమ్మం తొక్కలేని పరిస్థితి నిన్నమొన్నటి దాకా నేతపల్లెలు ఎరిగినదే. కాబట్టి పాత అప్పులు తీయనివని నేను అనడం లేదు. అప్పు మంచిదా చెడ్డదా అన్నది దాని మొత్తాన్ని బట్టి కాక, అప్పులోంచి బయటికి నడిచే దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుందని ఈ రెండు శతాబ్దాలు చెబుతున్నాయి.

మరి ఆ రోజుల్లో నేర్పు ఎక్కడిది, దానికి ఖర్చెవరు పెట్టారు? ఇల్లే బడి. పిల్లలు కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, పడుగు పట్టడం, అచ్చు అతకడం చూసి చూసి, కాళ్లు గుంటలోకి అందే వయసుకు మగ్గం ఎక్కేవారు. ఫీజు లేదు, పట్టా లేదు. ఖర్చు లేదని మాత్రం అనలేం. పిల్లల బడి చదువు ఆ ఖర్చు. ఆడవాళ్లు చుట్టిన కండెలకు, పట్టిన ఆసుకు విడిగా కూలి లెక్కగట్టకపోవడం ఆ ఖర్చు. పైగా ఆ బడి తలుపు దేవాంగులు, పద్మశాలీలు, పట్టుశాలీలు, కర్ణభక్తుల లాంటి కులాలకే తెరుచుకునేది. డిగ్రీ వచ్చాక ఎవరింటి బిడ్డయినా ప్రవేశ పరీక్ష రాసి ఈ విద్యలోకి రావచ్చు. ఇది పెద్ద మేలు, దీన్ని తక్కువ చేసి పాత పద్ధతిని పొగిడేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. అయితే మేలుకు ధర ఉంటుంది కదా అనే జవాబు కూడా తొందరపాటే. తలుపు తెరవడం వేరు, తెరిచిన తలుపు దగ్గర సుంకం ఎవరు కట్టాలో నిర్ణయించడం వేరు. మొదటిది జరగాలంటే రెండోది విద్యార్థి మీదే పడాలన్న నియమం ఏదీ లేదు. బట్ట చదువు మొదటిసారి ఇంటి గడప దాటి బడికి వెళ్లినప్పుడు సుంకం కట్టింది విద్యార్థి కాదు.

ఆ మొదటి బళ్ల కథ చూస్తే ఎవరి అవసరానికి పుట్టాయో తెలుస్తుంది. ఫ్రెంచి పట్టుబట్టల నమూనాల ముందు తమ సరుకు వెలవెలబోతోందన్న కంగారుతో, బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపి నివేదిక ఇచ్చిన మరుసటి ఏడాదే, 1837లో లండన్‌లో ప్రభుత్వ డిజైన్ పాఠశాల తెరిచారు. ఇప్పటి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ మూలం అదే. దేశపు బట్ట అమ్ముడు పోవాలి, దానికి గీసే చేయి కావాలి, కాబట్టి ఖజానా డబ్బు పెట్టింది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ వస్త్రాల 700 ముక్కలను 18 సంపుటాలుగా కూర్పించి ఇరవై ప్రతులు చేయించాడు. పదమూడు బ్రిటన్‌లో, ఏడు ఇండియాలో ఉంచారు. మద్రాసు రాజధాని మగ్గాల మీద తరతరాలుగా పోగుపడిన నేర్పు లాంకషైర్ మిల్లులకు పాఠ్యపుస్తకంగా అందింది. ఆ పాఠానికి గురుదక్షిణ ఎవరూ అడగలేదు. ఇక్కడ బొంబాయిలో 1887లో విక్టోరియా జూబిలీ సాంకేతిక సంస్థ వెలిసింది దిన్షా పెటిట్ లాంటి మిల్లు యజమానుల దన్నుతో. మిల్లులకు మేస్త్రీలు, నిపుణులు కావాలి మరి. బందరులో కోపల్లె హనుమంతరావు 1910లో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల దారి వేరు. అక్కడ చేతిపనికి చదువుతో సమాన పీట వేయాలన్న స్వదేశీ పట్టుదల ఉంది, ప్రజల చందాలున్నాయి. రాజ్యం, యజమాని, ఉద్యమం ఈ ముగ్గురి ఉద్దేశాలూ మూడు రకాలు. నేర్పు నుంచి లాభపడేవాడు నేర్పించే ఖర్చులో చేయి వేయాలన్న చోట మాత్రం ముగ్గురూ కలుస్తారు.

స్వాతంత్య్రం వచ్చాక ఈ సూత్రం ఇంకో అడుగు ముందుకేసింది. 1956లో పుపుల్ జయకర్ చొరవతో నేతకారుల సేవా కేంద్రాలు మొదలయ్యాయి. చిత్రకారులను జీతమిచ్చి పెట్టుకుని మగ్గాలకు కొత్త నమూనాలు గీయించాయి. హైదరాబాద్, విజయవాడల్లోనూ అలాంటి కేంద్రాలు ఏర్పడ్డాయి. వారణాసిలో 1956లో, సేలంలో 1960లో చేనేత సాంకేతిక సంస్థలు వచ్చాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే చేతులు వేళ్ల మీద లెక్కించే స్థితికి చేరినప్పుడు, కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1950ల చివర్లో శిక్షణ కేంద్రం పెట్టి నేర్చుకునేవాళ్లకే భృతి ఇచ్చారు. ఈ రోజు శ్రీకాళహస్తి కలంకారీ చీర కొనే ఎవరైనా ఆ భృతి ఫలితాన్ని కట్టుకుంటున్నట్టే. అహ్మదాబాద్‌లో 1961లో పుట్టిన జాతీయ డిజైన్ సంస్థ వెనక 1958 నాటి ఈమ్స్ దంపతుల నివేదిక ఉంది, దానికీ పునాది ప్రభుత్వ ధనమే. వెంకటగిరిలో 1992లో, చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరు మోసే సంస్థ వచ్చేనాటికి ఆ ధోరణి సన్నబడుతోంది కానీ పోలేదు. అంటే మూడు నాలుగు దశాబ్దాల పాటు ఈ దేశంలో వస్త్రవిద్య నేర్చుకున్నవాడు బాకీపడలేదు, చాలాచోట్ల నెలనెలా భృతి అందుకున్నాడు.

గాలి మళ్లింది ఎప్పుడు? నిఫ్ట్ పుట్టుకలో అయితే ఆ మళ్లింపు లేదు. 1986లో కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ న్యూయార్క్ ఫ్యాషన్ సంస్థ సహకారంతో దాన్ని పెట్టింది రెడీమేడ్ దుస్తుల ఎగుమతుల కోసం. పశ్చిమ దేశాలు కోటాలు పెట్టి కొంటున్న కాలమది. కోటా పీసుల్లో ఉంటే పీసుకు ఎక్కువ ధర రాబట్టడమే లాభం, అందుకు డిజైను కావాలి. హైదరాబాద్ శాఖ 1995లో వచ్చింది. ఈలోగా ఉన్నత విద్య మీద ఆలోచనే మారిపోయింది. 1992-93లో జస్టిస్ పున్నయ్య కమిటీ, విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో 15 శాతం సొంతంగా రాబట్టుకోవాలని, పదేళ్లలో దాన్ని 25 శాతానికి పెంచుకోవాలని యూజీసీకి చెప్పింది. ఇప్పుడు చూస్తే చాలా మొహమాటపు సలహా అది. 2000 సంవత్సరంలో ముకేశ్ అంబానీ, కుమార మంగళం బిర్లా ప్రధానమంత్రి వాణిజ్య మండలికి ఇచ్చిన విద్యా నివేదిక మొహమాటం వదిలేసింది. ఉన్నత విద్యలో వాడుకునేవాడే చెల్లించాలి, డబ్బు లేనివాడికి అప్పు, కొంత సాయం ఏర్పాటు చేయాలి అంది. ఈ ఇద్దరి కుటుంబ వ్యాపారాల్లోనూ దారానికీ బట్టకూ పెద్ద పీట ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఒకప్పుడు బొంబాయి మిల్లు యజమాని బడికి దన్నుగా నిలిచాడు, నూట పదమూడేళ్లకు అదే రంగపు వారసులు విద్యార్థి జేబు చూపించారు. మరుసటి ఏడాదే, 2001లో, బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం వచ్చింది. అప్పట్లో దేశంలో చదువుకు ఏడున్నర లక్షల దాకా అప్పు, నాలుగు లక్షల దాకా తనఖా అక్కర్లేదు. 2006 చట్టంతో నిఫ్ట్‌కు డిగ్రీలిచ్చే అధికారం దక్కేనాటికి, ఫీజు పెంచే సంస్థకూ ఆ ఫీజుకు అప్పిచ్చే బ్యాంకుకూ మధ్య వంతెన సిద్ధంగా ఉంది. ఆ వంతెన మీద నడవాల్సింది విద్యార్థి ఒక్కడే.

ఈ బాకీని 18వ శతాబ్దపు బయానా పక్కన పెట్టి చూడండి. బయానా ఇచ్చినవాడికి బట్ట కావాలి, విద్యారుణం ఇచ్చిన బ్యాంకుకు బట్టతో పనిలేదు. బయానా పని మీద ఇచ్చారు, ఇది మనిషి మీద ఇచ్చారు. అక్కడ గిరాకీ పడిపోతే నష్టం పంచుకునే వర్తకుడున్నాడు. ఇక్కడ ఎగుమతి ఆర్డర్లు ఆగినా, దుస్తుల కంపెనీ కొత్తవాళ్లను తీసుకోవడం మానేసినా, చదువు ముగిసిన ఏడాదికల్లా నెలసరి వాయిదా తేదీ తప్పకుండా వస్తుంది. ఇంగ్లాండులో ఇదే చదువు అప్పుతోనే సాగుతుంది, పైగా మనకన్నా పెద్ద అప్పు. 2012 తర్వాత అక్కడ ఏడాది ఫీజు తొమ్మిది వేల పౌండ్లకు ఎగబాకింది. 2020లో ఆర్థిక అధ్యయన సంస్థ ఐఎఫ్‌ఎస్ జీవితకాల సంపాదనలను లెక్కగట్టి, సృజనాత్మక కళల డిగ్రీ చదివిన మగవాళ్లకు సగటున నష్టమే మిగులుతుందని, ఆడవాళ్లకు లాభం సున్నాకు దగ్గరగా ఉంటుందని తేల్చింది. ఫ్యాషన్, వస్త్ర డిజైన్ ఆ గుంపులోవే. అయినా అక్కడి పట్టభద్రుడు ఒక స్థాయికి మించి సంపాదిస్తేనే, ఆ మించిన దానిలో తొమ్మిది శాతం కడతాడు. 2012లో చేరినవాళ్లకు ముప్పై ఏళ్ల తర్వాత మిగిలిన బాకీ రద్దవుతుంది. రాబడి సున్నా అయిన డిగ్రీ అక్కడ మనిషిని ముంచదు, ఎందుకంటే నష్టంలో ఖజానాకు వాటా ఉంది. మన వాయిదాకు జీతంతో సంబంధం లేదు. కాబట్టి రెండు దేశాల్లో ఒకే డిగ్రీని ఒకే త్రాసులో తూచలేం.

దీనికి వచ్చే అభ్యంతరాలు బలహీనమైనవేమీ కావు. మొదటిది నేతపల్లెల నుంచే వస్తుంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతులు నెలకు ఐదు వేల రూపాయలు కూడా సంపాదించడం లేదు. అప్పు లేని నేర్పు తెచ్చిపెట్టేది ఇంతే అయినప్పుడు, అప్పుతో వచ్చే పాతిక వేలు మేలు కాదా? మేలే, కానీ ఈ రెండు అంకెలూ ఒకే బట్టకు చెందినవని మరవకూడదు. నేతకు కూలి ఇంత తక్కువగా ఉండబట్టే డిగ్రీ ఉన్న చేయికి ఆమాత్రం ధర పలుకుతోంది, ఇది డిగ్రీ గొప్పతనానికి రుజువు కాదు. రెండో అభ్యంతరం పేరు మోసినవాళ్ల నుంచి వస్తుంది. పైకొచ్చిన డిజైనర్ల సంపాదన ముందు ఈ అప్పు ఒక లెక్కా అంటారు. 'మహానటి' సినిమా దుస్తులకు జాతీయ పురస్కారం ముగ్గురు పంచుకున్నారు, వారిలో హైదరాబాద్‌కు చెందిన గౌరాంగ్ షా ఫ్యాషన్ కళాశాలలో చదివినవాడు కాదు, అర్చనా రావు చదివినవారు. శిఖరాన నిలిచినవాళ్లను చూసి పట్టా విలువ ఇటూ తేల్చలేం, అటూ తేల్చలేం. వాయిదా లెక్క వేయాల్సింది ఎక్స్‌పోర్టు హౌసులో నమూనాలు సరిచూసే, దుకాణాల గొలుసుకు సరుకు ఎంపిక చేసే మామూలు ఉద్యోగి కోసం. మూడో అభ్యంతరం నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపిస్తుంది. ఉన్నవాళ్లు కట్టుకునే బట్టలకు గీతలు గీసేవాళ్ల చదువును పేదవాడి పన్నుతో ఎందుకు పోషించాలి? నిజమే, అందుకే ఖర్చంతా ఖజానాదే కావాలని నేను అనను. లాభపడేవాడే కట్టాలనే సూత్రాన్ని పూర్తిగా ఒప్పుకుందాం. అప్పుడు డిజైను వల్ల పీసు మీద వచ్చే అదనపు ధర ఎవరి ఖాతాలో పడుతుందో చూడాలి. అందులో జీతంగా విద్యార్థికి చేరేది కొంతే, అధిక భాగం అమ్మే సంస్థది. సూత్రం విద్యార్థి దగ్గరే ఆగిపోవడం న్యాయం కాదు, సగం లెక్క.

ప్రభుత్వం చేసిందేమీ లేదనడం కూడా తప్పే. ఏటా నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు చదువు కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. నిఫ్ట్‌లో చేతివృత్తుల వాళ్ల పిల్లలకు కొన్ని సీట్లు ఉన్నాయి, ఫీజు సాయమూ ఉంది. ఇవి బరువును కొంత దించుతాయి, నష్టం ఎవరిదన్న ప్రశ్నను మాత్రం ముట్టుకోవు. వడ్డీ మాఫీ అయినా అసలు విద్యార్థిదే, ఉద్యోగం దొరకని ఏడాది కూడా. నెలకు ఐదు వేలు దాటని పోచంపల్లి ఇంటి నుంచి ఒక అమ్మాయి ఆ సీటు సంపాదించిందనుకుంటే, ఆమె కట్టాల్సిన నెల వాయిదా ఆ ఇంటి నెల రాబడికి రెండింతలకు పైనే. అదే హైదరాబాద్‌లో నాంపల్లి దగ్గర, 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కొండా లక్ష్మణ్ బాపూజీ పేరున చేనేత సాంకేతిక సంస్థను తెరిచింది. అక్కడ మూడేళ్ల డిప్లొమా విద్యార్థులకు నెలనెలా భృతి. నాంపల్లి నుంచి మాదాపూర్ ఒక మెట్రో ప్రయాణం దూరం. ఒకచోట పడుగూ పేకా నేర్చుకునే చేతికి రాజ్యం డబ్బిస్తోంది, మరోచోట అదే పడుగు మీద ఏ రంగు రావాలో నేర్చుకునే చేయి బ్యాంకుకు బాకీ పడుతోంది. మొదటిదాన్ని వృత్తి అవసరంగా, రెండోదాన్ని విద్యార్థి సరదాగా చూడటమే తేడాకు మూలం. 1986లో నిఫ్ట్ పెట్టినప్పుడు రెండోదీ వృత్తి అవసరమే. ఆ అవసరం ఇప్పుడూ ఉంది కాబట్టే దుస్తుల సంస్థలు ఏటా ఆ ప్రాంగణాలకు ఉద్యోగులను ఎంచుకోవడానికి వస్తున్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, పని నేర్చుకునేవాడికి యజమాని స్టైపెండు ఇవ్వాలన్న నియమం ఎలాగూ అమల్లోనే ఉంది. కొలువిచ్చిన సంస్థ తొలి రెండు మూడేళ్ల వాయిదాల్లో వాటా పెట్టడానికి, కొలువు లేని నెలల్లో వాయిదా ఆగిపోవడానికి కొత్త సిద్ధాంతమేదీ కనిపెట్టక్కర్లేదు. ఆ వాటా ఎంత, ఎన్నాళ్లు అన్నది సంస్థలూ బ్యాంకులూ జౌళి శాఖా కూర్చుని బేరమాడుకోవాల్సిన సంగతి.